12 ఏళ్ళలోపు పిల్లలు వద్దన్న ట్రెక్కింగ్ మిత్రులకు ఒక అమ్మ ఉత్తరం

విజయవాడ, గుంటూరు చుట్టుపక్కల ప్రతి ఆదివారం కొండలెక్కే గ్రూపుల అడ్మిన్లకు, సభ్యులందరికీ నమస్కారం.

మూడు వారాల కిందట మా గ్రూపులో ఒక మెసేజ్ వచ్చింది. "ఇకమీదట 12 ఏళ్ళలోపు పిల్లలను ట్రెక్‌కు తీసుకురావద్దు. దయచేసి సహకరించండి." కింద అందరూ బొటనవేళ్ళు, దండాలు పెట్టారు. నేను ఏమీ పెట్టలేకపోయాను. ఆ నియమం ఎవరి వల్ల వచ్చిందో నాకు తెలుసు. మా చిన్నోడి వల్ల. వాడికి ఐదేళ్ళు. తర్వాత నలుగురైదుగురిని అడిగితే మిగతా గ్రూపుల్లో కూడా ఇలాంటి మాటే నడుస్తోందని తెలిసింది. అందుకే ఈ ఉత్తరం మా ఒక్క గ్రూపుకి కాకుండా మీ అందరికీ రాస్తున్నాను. మా గ్రూపు పేరు రాయను. అందులో ఉన్నవాళ్ళు నాకు అన్నదమ్ముల్లాంటివాళ్ళు. వాళ్ళ మీద నాకు కోపం లేదు, ఆ నియమం మీద మాత్రం బాధ ఉంది.

ముందు ఆ రోజు ఏం జరిగిందో చెబుతాను.

దసరా సెలవులు. కొండపల్లి అడవిలో నడక. వానలు పడి వెళ్ళాయి కాబట్టి అడవంతా పచ్చగా ఉంది. బెంజి సర్కిల్ దగ్గర 5:30కి వ్యాను అన్నారు, అందరూ చేరి బయల్దేరేసరికి 6:45. ఇబ్రహీంపట్నంలో టిఫిన్‌కి ఆగాం. ఫోటోలయ్యాయి. అడవిలో కాలు పెట్టేసరికి 8:15. మొత్తం 25 మందిమి, అందులో పిల్లలు మావాళ్ళిద్దరే. పెద్దదానికి తొమ్మిదేళ్ళు.

మొదటి అరగంట మా చిన్నోడు అందరికంటే ముందున్నాడు. చేతిలో ఒక పుల్ల, దాంతో ప్రతి రాయినీ తట్టుకుంటూ వెళ్ళాడు. తర్వాత దారి పక్కన వాడికి రోకలిబండ పురుగు కనిపించింది. నల్లగా, వాడి అరచేయంత పొడుగు. గొంతుక్కూర్చున్నాడు. పుల్లతో ముట్టుకోగానే అది చుట్ట చుట్టుకుపోయింది. "అమ్మా, తలుపేసేసుకుంది" అన్నాడు. మళ్ళీ ఎప్పుడు తెరుస్తుందో చూడాలట. నేనూ కూర్చున్నాను. ఒక నిమిషం, రెండు నిమిషాలు. అది మెల్లగా విప్పుకుని, కాళ్ళన్నీ అలలాగా కదుపుకుంటూ ఆకుల కిందికి పోయింది. వాడు ఊపిరి బిగబట్టి చూశాడు. ఇంట్లో అన్నం ముద్ద నోట్లో పెట్టుకోవడానికి రెండు నిమిషాలు కుదురుగా కూర్చోని పిల్లాడు.

"మీరు నెమ్మదిగా రండమ్మా, పైన ఆగుతాం" అని ఒకాయన చెప్పి వెళ్ళారు. మేం లేచేసరికి దారిలో ఎవరూ లేరు. మాటలు కూడా వినపడటం లేదు. కాస్త ముందుకెళ్ళాక దారి రెండుగా చీలింది. బాగా తొక్కినట్టున్న దారి పట్టుకున్నాను. అది మేకల దారని నాకు తెలియలేదు. ముగ్గురికీ కలిపి నా దగ్గరున్నది ఒక లీటరు సీసా. మిగతా నీళ్ళన్నీ ముందు వెళ్ళిన వాళ్ళ బ్యాగుల్లో ఉన్నాయి. ఫోన్‌కి సిగ్నల్ లేదు. పది దాటేసరికి ఎండ నెత్తి మీదికొచ్చింది, గాలి లేదు, వాన తేమతో ఒళ్ళంతా ఉడికిపోతోంది. చిన్నోడి మొహం కందగడ్డలా అయిపోయింది. అప్పటిదాకా కాళ్ళు లాగుతున్నాయని, ఎత్తుకోమని ఏడ్చినవాడు ఏడుపు ఆపేశాడు. "నిద్రొస్తోంది" అన్నాడు. ఆ మాట వినగానే నా గుండె జారిపోయింది. చెట్టు కింద పడుకోబెట్టి, చొక్కా విప్పి, మిగిలిన నీళ్ళలో సగం తాగించి, సగంతో చున్నీ తడిపి మెడకీ చంకలకీ అద్దాను. పెద్దది ఏడవకుండా అట్టతో విసురుతూ కూర్చుంది.

మేకలు తోలుకుంటూ ఒక పెద్దాయన వచ్చాడు. తన సీసాలో నీళ్ళు మాకు పోశాడు. "ఇది మనుషులు పోయే దారి కాదమ్మా" అన్నాడు. పిల్లాడు కాస్త తేరుకున్నాక వాణ్ణి మెడ మీద కూర్చోబెట్టుకుని రోడ్డు దాకా దింపాడు. దారి పొడుగునా ఒక్కటే అడిగాడు, "బిడ్డల్ని తెచ్చుకునేవాళ్ళు పొద్దున్నే రావాలి గదమ్మా" అని. మా గ్రూపువాళ్ళందరూ పైన 40 నిమిషాలు ఎదురుచూసి, టెన్షన్ పడి, వెతుక్కుంటూ దిగి వచ్చారు. ఒక్కరు కూడా నన్ను మాట అనలేదు. ఆ మంచితనం మర్చిపోను.

తప్పు ఎక్కడ జరిగిందో ఆ రాత్రంతా ఆలోచించాను. నా తప్పు ఉంది. పిల్లల నీళ్ళు ఇంకొకరి బ్యాగులో పెట్టనివ్వకూడదు. 9 గంటలకి వాడు నీరసపడుతున్నప్పుడే వెనక్కి తిరిగి ఉండాల్సింది. మిగతాది కూడా చెప్పుకోవాలి. ఆలస్యంగా మొదలుపెట్టాం. అందరి వెనకాల నడిచే మనిషి ఒకరంటూ లేరు. దారి చీలిన చోట ఎవరూ నిలబడలేదు. ఈ మూడింటిలో ఏ ఒక్కటి సరిగ్గా ఉన్నా మేం తప్పిపోయేవాళ్ళం కాదు. అదే దారిలో మోకాళ్ళ నొప్పులున్న 60 ఏళ్ళ మనిషి వెనకబడినా ఇదే జరిగేది. అప్పుడు 60 దాటినవాళ్ళు రావద్దని రాసేవాళ్ళమా? మేకలాయన పిల్లల్ని తీసుకురావద్దని అనలేదు, పొద్దున్నే రమ్మన్నాడు. ఆయన ఒక్క మాటలో చెప్పింది మనకి తట్టలేదు.

చిన్నపిల్లలు కొండ ఎక్కలేరని కొందరు అన్నారు. విజయవాడలో ఉంటూ ఈ మాట ఎలా అనగలిగామో నాకు అర్థం కాదు. చిట్టినగర్, విద్యాధరపురం, కొత్తపేట, గుణదల, మొగల్రాజపురం వైపు తలెత్తి చూడండి. కొండ మీద ఇళ్ళు. ఆ ఇళ్ళలో పిల్లలు లేరా? ఒకటో తరగతి పిల్లలు పుస్తకాల సంచి వీపున వేసుకుని రోజుకి రెండుసార్లు ఆ మెట్లు ఎక్కి దిగుతారు. మా ఇంట్లో పనిచేసే అమ్మాయి కొడుకు మా చిన్నోడి ఈడువాడే. సాయంత్రం పాల ప్యాకెట్ కోసం కిందికి పరిగెత్తి, మళ్ళీ పైకి పరిగెత్తి వెళ్తాడు. మావాడు మూడో అంతస్తుకి లిఫ్ట్ కోసం నిలబడతాడు. ఇద్దరి కాళ్ళూ ఒకలాంటివే. ఒకడికి రోజూ అలవాటు ఉంది, ఇంకొకడికి మనం ఆ అవకాశం ఇవ్వలేదు.

అసలు ఇంటిల్లిపాదీ చెట్ల మధ్యకి వెళ్ళడం మనకి కొత్తా? కార్తీకమాసం వస్తే ఉసిరిచెట్టు వెతుక్కుంటూ వనభోజనాలకి వెళ్ళేవాళ్ళం. మా అమ్మమ్మ వాళ్ళ ఊళ్ళో చంకలో పిల్లలు, నెత్తిన గిన్నెలు, చేతికర్రతో ముసలమ్మలు, అందరూ నడిచే వెళ్ళేవాళ్ళట. వీళ్ళు చిన్నవాళ్ళు, వీళ్ళు పెద్దవాళ్ళు అని ఎవరినీ ఇంట్లో వదిలేసేవాళ్ళు కాదు. ఇప్పుడు వనభోజనమంటే తోట అద్దెకి తీసుకుని మైకు పెట్టడం అయింది, అది వేరే సంగతి. కోటప్పకొండ తిరునాళ్ళలో తండ్రుల భుజాల మీద ఎంతమంది పసివాళ్ళు ఉంటారో మీరందరూ చూసినవాళ్ళే. మంగళగిరిలో పానకాల స్వామి మెట్లు 1890లో చన్నాప్రగడ బలరామదాసు గారు కట్టించారు. అప్పట్నుంచీ ఆ మెట్ల మీద ఎన్ని తరాల పిల్లలు వాళ్ళమ్మల కొంగు పట్టుకుని ఎక్కారో. పైన స్వామికి పోసే పానకంలో బెల్లం, మిరియాలు, యాలకులు ఉంటాయి. మెట్లెక్కి చెమటపట్టి వచ్చిన పిల్లలకి ప్రసాదంగా దోసిట్లో పోస్తే ఎంత ఇష్టంగా తాగుతారో. మావాడు మూడోసారి చెయ్యి చాపాడు.

ఇక ప్రమాదం సంగతి. దాన్ని నేను తేలిగ్గా తీసుకోవడం లేదు. ఆ చెట్టు కింద కూర్చున్న తల్లిని నేను, నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. 2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో ఆరేళ్ళ పాపని చిరుత పొట్టన పెట్టుకున్నప్పుడు రాష్ట్రమంతా కన్నీళ్ళు పెట్టుకుంది. అంత ఘోరం జరిగాక కూడా తిరుమల దేవస్థానం పిల్లలకి నడకదారి మొత్తం మూసేయలేదు. 15 ఏళ్ళలోపు పిల్లలకి మధ్యాహ్నం 2 గంటల తర్వాత నడక లేదంది. భక్తులని గుంపులుగా పంపింది, చేతికి కర్రలిచ్చింది. ఏ వేళ ప్రమాదమో చూసి ఆ వేళకి అడ్డుకట్ట వేసింది. మనమూ అలా ఆలోచించి ఉంటే, ఎండ ముదిరాక పిల్లలు కొండ మీద ఉండకూడదని రాసుకునేవాళ్ళం.

మన ఊళ్ళో పిల్లలకి పాము కన్నా, కోతి కన్నా పెద్ద ప్రమాదం ఎండే. ఇది నేను తర్వాత మా పిల్లల డాక్టరు గారి దగ్గర కూర్చుని అర్థం చేసుకున్నాను. పిల్లల ఒంటి బరువుతో పోలిస్తే చర్మం విస్తీర్ణం ఎక్కువ. అందుకని బయటి వేడి వాళ్ళ ఒంట్లోకి తొందరగా ఎక్కుతుంది. చెమట మనకన్నా తక్కువ పడుతుంది కాబట్టి ఒళ్ళు చల్లబడటమూ ఆలస్యమే. దానికి తోడు వాళ్ళు నేలకి దగ్గరగా నడుస్తారు, కాగిన బండ సెగ మన నడుము దాకా వచ్చేలోపే వాళ్ళ మొహానికి కొడుతుంది. అన్నిటికన్నా ముఖ్యం, ఆటలో పడితే దాహమేస్తోందని చెప్పరు. అడిగితే "వద్దు" అంటారు. అందుకని అడగకూడదు, ప్రతి పదిహేను ఇరవై నిమిషాలకీ ఆగి సీసా మూత తీసి నోటికి అందించాలి. ఒంట్లో వేడి పెరిగితే ముందు చిరాకు, తర్వాత మౌనం, తర్వాత నిద్ర. ఈ వరసలో రెండోది కనిపించగానే నీడకి చేర్చి, నీళ్ళు పట్టించి, ఒళ్ళు తడిపి, తేరుకోగానే కిందికి దిగిపోవాలి. పిలిస్తే సరిగ్గా పలకకపోయినా, వాంతి చేసుకున్నా ఇంక ఆలోచించకుండా 108కి ఫోన్ చేయాలి.

మామూలు నడకకి నీళ్ళు, ఉప్పు వేసిన మజ్జిగ చాలు. ఓఆర్‌ఎస్ ప్యాకెట్ ఒకటి బ్యాగులో పడేసుకోండి, కలపాల్సి వస్తే లీటరు ప్యాకెట్‌ని సరిగ్గా లీటరు నీళ్ళలోనే కలపాలి. అట్టపెట్టెల్లో తియ్యగా అమ్మే పానీయాలని ఓఆర్‌ఎస్ అనుకుని చాలామందిమి మోసపోయాం. హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ గారు ఏళ్ళ తరబడి పోరాడితే, 2025 అక్టోబరులో ఆహార భద్రత సంస్థ అలాంటి పానీయాల పేర్లలో ఓఆర్‌ఎస్ అనే మాట ఉండకూడదని చెప్పింది. ఆవిడకి తల్లులందరం రుణపడి ఉన్నాం.

కోతుల దగ్గర కవర్ల చప్పుడు చేయకుండా, తిండి చేతిలో పట్టుకోకుండా వెళ్తే చాలు. పిల్లల చేతిలో అరటిపండు ఉంచకండి. గీరినా, కరిచినా సబ్బుతో పావుగంట కడిగి అదే రోజు టీకా కోసం వెళ్ళాలి, రేపు చూద్దాం అనకూడదు. రాళ్ళ సందుల్లో, గడ్డి దుబ్బుల్లో చేతులు పెట్టకూడదని పిల్లలకి ముందే చెప్పాలి. పొరపాటున పాము కరిస్తే కట్లు బిగించడం, కోయడం, పీల్చడం ఏవీ వద్దు. కరిచిన కాలో చెయ్యో కదలకుండా ఉంచి, పిల్లాణ్ణి ఎత్తుకునే దించి, విషానికి విరుగుడు మందు ఉండే ఆసుపత్రికి నేరుగా వెళ్ళాలి. ఇంకొకటి, గురివింద గింజలు. ఎర్రగా నల్లటి బొట్టుతో ముద్దుగా ఉంటాయి, పిల్లలు జేబులో వేసుకుంటారు. నమిలితే ప్రాణాంతకం. వాటిని చూపించి చెప్పాలి, దాచిపెట్టకూడదు. మా పెద్దది ఇప్పుడు వాటిని చూడగానే తమ్ముడి చెయ్యి పట్టుకుంటుంది.

వానాకాలంలో, గట్టి వానలు పడుతున్న రోజుల్లో, కొండవాలు దగ్గరికి పిల్లలతో ఎవరమూ వెళ్ళొద్దు. 2024 ఆగస్టు చివర్లో మొగల్రాజపురంలో కొండరాళ్ళు ఇళ్ళ మీద పడి ప్రాణాలు పోయాయి. మన కొండల మీద మట్టీ రాయీ ఎలా పట్టు వదులుతాయో ఆ రోజు చూశాం.

ఇన్ని జాగ్రత్తలు చెబుతున్నానంటే మానేయమని కాదు. ఇవన్నీ కలిపితే ఒక చిన్న సంచి, ఒక గంట ముందు లేవడం. అంతే.

నడక తీరు మాత్రం మారాలి. మనం ఇన్ని కిలోమీటర్లు ఇన్ని గంటల్లో అని లెక్క వేసుకుంటాం, శిఖరం దగ్గర ఫోటో తీసుకుంటాం. పిల్లలకి శిఖరం అక్కర్లేదు. గంటకి ఒక కిలోమీటరు నడిస్తే మా చిన్నోడికి ఎక్కువే, ఎందుకంటే దారిలో వాడికి పనులుంటాయి. మొన్న మూలపాడు సీతాకోకచిలుకల పార్కుకి మేం ముగ్గురమే వెళ్ళాం. పొద్దున 6:30 నుంచి 8:30 దాకా ఉన్నాం. ఎంత దూరం నడిచామంటే, గట్టిగా కిలోమీటరున్నర. ఒక తడి మట్టి చెలమ దగ్గర పసుపుపచ్చ సీతాకోకచిలుకలు గుంపుగా వాలి ఉన్నాయి. పెద్దది దగ్గరికి పాకుతూ వెళ్ళి, వాటి నాలుకలు సన్నని దారాల్లా మట్టిలోకి దిగి ఉన్నాయని చూసి వచ్చి నాకు చెప్పింది. మట్టిలో ఉప్పు కోసం అవి అలా చేరతాయి. నాకీ వయసొచ్చాక అది మొదటిసారి చూడటం.

కొండపల్లి బొమ్మలు కొనని ఇల్లు మన ఊళ్ళో ఉండదు. ఆ బొమ్మ చేసే తెల్ల పొణికి చెట్టుని ఎంతమంది పిల్లలు చూశారు? ఆ కర్ర చేత్తో పట్టుకుంటే గాలంత తేలిగ్గా ఉంటుంది. చెక్కిన ముక్కల్ని చింతగింజల బంకతో, రంపం పొట్టుతో అతికిస్తారని బొమ్మల కాలనీలో ఒక తాత మా పిల్లలకి చూపించాడు. ఇంటికి రాగానే చిన్నోడు అల్మారాలోంచి ఎడ్లబండి తీసి వాసన చూశాడు. "ఇది మనం వెళ్ళిన అడవిదేనా?" అన్నాడు. ఆ ప్రశ్న 12 ఏళ్ళకి రాదు మిత్రులారా. ఐదేళ్ళకే వస్తుంది. 12 ఏళ్ళ పిల్లకి ఐఐటీ ఫౌండేషన్ క్లాసు, ఆదివారం స్లిప్ టెస్టు. మన విజయవాడ, గుంటూరు సంగతి మీకు తెలియనిదా? ఆరో తరగతి నుంచే ఆదివారాలు పోతున్నాయి. కొండకి తీసుకెళ్ళడానికి మనకి దొరికేవి ఆ మొదటి పదేళ్ళే, ఆ పదేళ్ళకే మీరు గేటు వేశారు.

ఇంకో మాట. ఇది నన్ను అన్నిటికన్నా ఎక్కువ బాధపెట్టిన విషయం. నియమం వచ్చిన తర్వాతి ఆదివారం మా గ్రూపులో పెట్టిన ఫోటో చూశాను. 22 మందిలో ఆడవాళ్ళు ఇద్దరు. అంతకుముందు ఏడెనిమిది మంది వచ్చేవాళ్ళం. ఎవరు ఆగిపోయారో ఒక్కసారి పేర్లు చూసుకోండి. అందరం చిన్నపిల్లల తల్లులమే. పిల్లల తండ్రులు ఫోటోలో ఉన్నారు. పిల్లలు రాకూడదంటే ఇంట్లో ఒకరు ఉండాలి, ఆ ఒకరు ఎవరో మన ఇళ్ళల్లో అడగక్కర్లేదు. వారమంతా వంటిల్లు, ఆఫీసు, హోంవర్కు. ఆదివారం పొద్దున ఆ రెండు గంటలు చెట్ల కింద నడిస్తే సోమవారం నుంచి నా తల తేలిగ్గా ఉండేది. మీరు ఆ ఉద్దేశంతో పెట్టలేదని తెలుసు. కానీ పిల్లల కోసం పెట్టిన నియమం అమ్మల్ని ఇంట్లో కూర్చోబెట్టింది.

అందుకని నా విన్నపం ఇది. మీ కష్టమైన ట్రెక్కులు మీరు చేసుకోండి, అక్కడికి పిల్లల్ని తెస్తామని అనను. నెలకి ఒక్క ఆదివారం పిల్లల నడక పెట్టండి. పొద్దున 6 గంటలకి కొండ మొదట్లో ఉండాలి, టిఫిన్ దిగాకే. 8:30కి ఎక్కడుంటే అక్కణ్ణుంచి వెనక్కి. ఆ రోజుకి అందరికంటే చిన్న పిల్లో పిల్లాడో ముందు నడవాలి, వాళ్ళని ఎవరూ దాటకూడదు. అందరి వెనకాల ఒక పెద్ద మనిషి, చేతిలో విజిల్. దారి చీలిన చోట ఒకరు నిలబడి లెక్కపెట్టాలి. పిల్లల నీళ్ళు పిల్లల పక్కన నడిచేవాళ్ళ దగ్గరే ఉండాలి. పిల్లల మెడలో కూడా ఒక విజిల్ వేసి, తప్పిపోతే పరిగెత్తకుండా అక్కడే చెట్టుని పట్టుకుని ఊదమని నేర్పాలి. మణికట్టుకి ఫోన్ నంబరు. మార్చి నుంచి జూన్ దాకా సెలవు. రిజర్వ్ ఫారెస్టు అయితే అటవీశాఖ అనుమతి ముందే తీసుకోవాలి, అది ఎలాగూ మీరు చేస్తూనే ఉన్నారు.

చోట్లకి కొదవ లేదు. గాంధీ కొండ మీద 1968లో ఆవిష్కరించిన 52 అడుగుల స్తూపం దగ్గర నిలబడితే కింద రైల్వే స్టేషన్‌లో రైళ్ళు బొమ్మల్లా కనిపిస్తాయి, పిల్లలు అక్కణ్ణుంచి కదలరు. ఉండవల్లిలో నాలుగు అంతస్తుల గుహ, లోపల చీకట్లో ఒకే రాతిలో పడుకున్న పెద్ద స్వామి. అక్కడ మావాడు గొంతు తగ్గించి "నిద్రపోతున్నారు, అరవకండి" అని అక్కకి చెప్పాడు. కాస్త పెద్ద పిల్లలకి మంగళగిరి మెట్లు, కొండ మీద గుడి మధ్యాహ్నం దాకానే తెరిచి ఉంటుంది కాబట్టి పొద్దున వెళ్ళడమే మేలు. గుంటూరు మిత్రులకి కొండవీడు ఉంది. ఘాట్ రోడ్డు మీద వాహనంలో పైకి వెళ్ళి, చెరువుల గట్ల మీద, కోట గోడల పక్కన నడిపిస్తే చాలు. రెడ్డిరాజులు ఏలిన కోటని 1515లో శ్రీకృష్ణదేవరాయలు గెలిచాడని పుస్తకంలో చదివే పిల్లలు ఆ గోడ మీద చెయ్యి ఆనించి నిలబడాలని నాకు ఆశ. ఇప్పుడు సీతాఫలాల రోజులు కూడా.

మొదటి నడకకి గుణదల కొండ నా సూచన. మేరీమాత గుడి మెట్లు పిల్లల కాళ్ళకి సరిపోతాయి, ఎక్కడంటే అక్కడ కూర్చోవచ్చు, ఎవరికైనా ఒంట్లో బాగోకపోతే ఐదు నిమిషాల్లో రోడ్డు మీద ఉంటాం. పైకి వెళ్తే ఊరంతా, కాలవలతో సహా కనిపిస్తుంది. కార్తీకంలో రెండో ఆదివారం పెట్టుకుందామా? ఇళ్ళల్లోంచి తలా ఒక గిన్నె తెచ్చుకుందాం. నేను పులిహోర చేస్తాను, మా పెద్దది మరమరాల ఉండలు చుడతానంది. కిందికి దిగాక ఏదైనా చెట్టు కింద కూర్చుని తిందాం. కొండపల్లిలో మా సీసా నింపిన పెద్దాయన్ని కూడా వెతికి పిలవాలనుకుంటున్నాను, ఆయన పేరు అడగడం ఆ రోజు మర్చిపోయాను.

మీ జవాబు ఎలా ఉన్నా ఆ ఆదివారం పొద్దున 6 గంటలకి గుణదల మెట్ల దగ్గర మేం ముగ్గురం ఉంటాం. మీరొస్తే అందరి వెనకాల విజిల్ పట్టుకుని నడిచే పని నాకివ్వండి.

ఇట్లు,
ఇద్దరు పిల్లల తల్లి,
సత్యనారాయణపురం, విజయవాడ